‘కుటుంబీకుడు’ అనే పతకం

2023 మార్చి మూడో వారంలో, హిందూపురంలో నేను పాఠం చెప్పే కాలేజీలో పిల్లలు గోడపత్రిక మీద ఒక ఫోటో అంటించారు. మార్చి 16న అరుణాచల్‌ప్రదేశ్‌లో బొమ్‌డిలాకు పశ్చిమాన, మండలా దగ్గర సైన్యానికి చెందిన చీతా హెలికాప్టర్ కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. ఒకరు మన యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం వాడు, లెఫ్టినెంట్ కల్నల్ వి.వి.బి. రెడ్డి. రెండోవారు తమిళనాడుకు చెందిన మేజర్ జయంత్. ఫోటో కింద ధర్మవరం నుంచి వచ్చే ఒక అమ్మాయి, మగ్గం నేసేవాళ్ళ బిడ్డ, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: “వీర పైలట్, ఉత్తమ కుటుంబీకుడు.”

“ఈ రెండో మాట ఎందుకు రాసినావమ్మా?” అని అడిగాను.

“అట్లే రాస్తారు కదా మేడమ్. ఆయనకు ఇద్దరు చిన్నపిల్లలంట. ఇద్దరూ ఆడపిల్లలే.”

“మరి ఆయన భార్య?”

“ఆమె కూడా ఆర్మీలోనే ఆఫీసరంట. పండ్ల డాక్టరంట.”

“అయితే ఆమె గురించి రాయాల్సి వస్తే ‘వీర సైనికురాలు, ఉత్తమ కుటుంబిని’ అని రాస్తావా?”

ఆ అమ్మాయి నవ్వింది. “అది వేరే రాయాల్నా మేడమ్? ఆడోళ్ళు ఎట్లాగూ ఇల్లు చూసుకుంటారు కదా” అంది.

ఆ నవ్వు గురించే ఈ వ్యాసం. చనిపోయిన మనిషి గురించి కాదు. ఆయన తన పిల్లల్ని ప్రేమించలేదని గానీ, ఆ ప్రేమ గొప్పది కాదని గానీ అనే హక్కు నాకే కాదు, ఎవరికీ లేదు. ఆ ప్రేమకు మనం పెట్టే పేరుతోనే నా పేచీ. హెలికాప్టర్ నడిపే మగవాడు ఇంటిని ప్రేమిస్తే అది ఆయన ఛాతీ మీద ఇంకో పతకం. అదే యూనిఫాం వేసుకున్న ఆడమనిషి ఇంటిని ప్రేమిస్తే అది ఆమె సహజ గుణం, రాయాల్సిన అవసరం లేనిది. ఒక్కోసారి అంతకంటే ఘోరం, అదే ఆమె అనర్హత అవుతుంది.

మన భాషనే చూడండి. ‘సంసారి’ అనే మాట మగవాడికి వాడితే బరువూ బాధ్యతా మోసేవాడని అర్థం. “పాపం, సంసారి” అని జాలిపడతాం. అదే మాట ఆడదానికి వాడితే శీలపరీక్షలో నెగ్గిందని అర్థం. ‘సంసారపక్షంగా ఉంది’ అంటే తలవంచుకుని ఉందని. ఒకే మాట మగవాడి దగ్గర శ్రమను చెబుతోంది, ఆడదాని దగ్గర నడవడిని చెబుతోంది. మరి ఆమె చేసే శ్రమకు మాటేది? ఆ మాట లేకపోబట్టే ధర్మవరం పిల్లకు నవ్వొచ్చింది.

ఇది భాషలో మాత్రమే ఉన్న తేడా అయితే సర్దుకుపోయేవాళ్ళం. సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన తేడా ఇది. సైన్యంలో స్త్రీ అధికారులకు పర్మనెంట్ కమిషన్ ఇవ్వాలా వద్దా అనే కేసులో ప్రభుత్వం తరఫున వినిపించిన వాదనలు గుర్తున్నాయా? గర్భం, మాతృత్వం, పిల్లల పట్లా కుటుంబం పట్లా ఉండే బాధ్యతల వల్ల సైనిక జీవితం ఆడవాళ్ళకు కష్టమన్నారు. పల్లెల నుంచి వచ్చిన జవాన్లు ఆడ అధికారి ఆజ్ఞను మనసారా ఒప్పుకోలేరన్నారు. 2020 ఫిబ్రవరి 17న బబితా పునియా కేసు తీర్పులో జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ అజయ్ రస్తోగి ఆ వాదనలను తోసిపుచ్చారు. ఇంటి బాధ్యత ఆడవాళ్ళ ఒక్కరిదే అనుకోవడం లింగవివక్షతో కూడిన మూస ఆలోచన అని చెప్పారు.

ఆ వాదనను మగ పైలట్ల సంస్మరణల పక్కన పెట్టి చదవండి. కుటుంబం ఉండటం మగవాడికి అర్హత, ఆడదానికి అడ్డంకి. ఇద్దరికీ ఉన్నది అదే కుటుంబం, అదే ఇద్దరు పిల్లలు, అదే బదిలీ ఉత్తర్వు. అతని విషయంలో “ఇంత ప్రేమించే ఇంటిని వదిలి దేశం కోసం వెళ్ళాడు” అంటాం. ఆమె విషయంలో “పిల్లల్ని వదిలి ఎట్లా పోతుందమ్మా?” అంటాం. మొదటిది పొగడ్త, రెండోది విచారణ.

ఆడవాళ్ళు హెలికాప్టర్లు నడపలేరని ఎవరైనా ఇంకా అంటే వాళ్ళకు 1999 గుర్తుచేయాలి. కార్గిల్ యుద్ధంలో వైమానిక దళానికి చెందిన గుంజన్ సక్సేనా, శ్రీవిద్యా రాజన్ చీతా హెలికాప్టర్లు నడిపారు. అయినా సైన్యానికి సొంతంగా ఉన్న ఆర్మీ ఏవియేషన్ విభాగం 1986లో ఏర్పడితే, అందులో తొలి మహిళా పోరాట పైలట్‌గా కెప్టెన్ అభిలాషా బరాక్ నాసిక్‌లో రెక్కల చిహ్నం అందుకున్నది 2022 మే 25న. కార్గిల్ తర్వాత ఇరవై మూడేళ్ళకు! గాలికి ఆడా మగా తెలియదు. ఆపింది గాలి కాదు కదా.

2025 మే 7న ఆపరేషన్ సిందూర్ గురించి దేశానికి వివరించడానికి కల్నల్ సోఫియా ఖురేషీ, వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్ టీవీల ముందుకొచ్చారు. వ్యోమికా సింగ్ హెలికాప్టర్ పైలట్, చేతక్, చీతాలు నడిపిన మనిషి. ఆ రోజు మా వీధిలో ఆడవాళ్ళు కూడా గర్వపడ్డారు, నేనూ పడ్డాను. వారం తిరక్కుండానే ఒకరి మతం మీద మధ్యప్రదేశ్‌లో ఒక మంత్రి నోరు పారేసుకున్నాడు, హైకోర్టు కేసు పెట్టమనాల్సి వచ్చింది. ఇంకొకరి కులమేమిటో ఉత్తరప్రదేశ్ నాయకుడొకాయన సభలో చెప్పాడు. మగ అధికారి వచ్చి మాట్లాడితే ఏ విమానం ఎన్ని గంటలు నడిపాడని అడిగే దేశం, ఆడ అధికారి వస్తే ఏ ఇంటి పిల్ల, ఏ కులం, ఏ మతం అని అడుగుతుంది. మళ్ళీ కుటుంబమే. ఆమెకది చిరునామా చీటీ, అతనికి పతకం.

ఇక ఆ ఇంటి లోపలికి వద్దాం. మా కాలేజీలో ఊడ్చే ఆయమ్మది పెనుకొండ దగ్గర పల్లె. ఆమె కొడుకు జవాను. కోడలు, ఇద్దరు పిల్లలు ఆమె దగ్గరే ఉంటారు. గోడపత్రిక ముందు నేను పిల్లలతో మాట్లాడుతుంటే చీపురు పక్కన పెట్టి వింది. పిల్లలు వెళ్ళాక నాతో అంది:

“మావోడు మిలట్రీలో ఉండాడని అందరూ వాణ్ణే పొగుడుతారు మేడమ్. కోడలు ఈడ ఉండాది కాబట్టి వాడు ఆడ ఉండాడు. పిల్లోనికి జరమొస్తే ఆస్పత్రికి ఎత్తుకొని పొయ్యేది ఎవరు? బ్యాంకులో అప్పు కట్టేది ఎవరు? నాకు మోకాళ్ళు పడిపోతే రాగి ముద్ద కెలికి పెట్టేది ఎవరు? అది ఒక్క నెల పుట్టింటికి పోతే వాడు సెలవు పెట్టి రావల్సిందే.”

పునరుత్పత్తి శ్రమ గురించి నేను చదివిన పుస్తకాలన్నీ ఆ నాలుగు వాక్యాల్లో ఉన్నాయి. సరిహద్దు నిలబడేది ఈ శ్రమ మీద. దానికి జీతం లేదు, సెలవు లేదు, సర్వీసు రికార్డు లేదు. జవాను భార్యకైనా, అధికారి భార్యకైనా రెండు మూడేళ్ళకోసారి ఊరు మారడం, బడి మార్చడం, చేస్తున్న ఉద్యోగం వదిలి కొత్త ఊళ్ళో మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టడం ఉంటాయి. లేదా ఆయమ్మ కోడలిలా అత్తింట్లో ఏళ్ళకేళ్ళు ఒంటరిగా ఉండిపోవడం ఉంటుంది. ఇదంతా చేసినందుకు ఆమెకు దక్కే పేరు ‘ఫలానా వారి భార్య’. ఇదంతా ఆమె చేస్తే సెలవుల్లో వచ్చి పిల్లల్ని ఎత్తుకున్నందుకు అతనికి దక్కే పేరు ‘ఉత్తమ కుటుంబీకుడు’.

మన ఆడవాళ్ళకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. రామాయణాన్ని అన్న వెంట నడిచిన లక్ష్మణుడి వైపు నుంచి అందరూ చెబితే, మన స్త్రీలు ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాడుకున్నారు. పద్నాలుగేళ్ళు నిద్రపోయిన ఊర్మిళ, తిరిగొచ్చిన మొగుణ్ణి గుర్తుపట్టదు. ఎవరో పరాయివాడు గదిలోకి వచ్చాడని కోప్పడుతుంది. ఏడాదికోసారి ఇంటికొచ్చిన తండ్రిని చూసి తల్లి చీర చాటున దాక్కునే పసిపిల్లల్ని చూసిన ఏ సైనికుడి భార్యకైనా ఆ పాట ఎవరిదో చెప్పనక్కర్లేదు. కుటుంబాన్ని ప్రేమించడం, కుటుంబంలో ఉండటం రెండూ ఒకటి కాదని ఆ పాట కట్టినవాళ్ళకు తెలుసు.

ఉండలేకపోవడం ఆ మగవాడి తప్పు కాదు. అతన్ని ఉండనివ్వని వ్యవస్థ, ఆ లేమిని అతని భార్య చేత పూడ్పించి, చివర్లో అతన్ని ‘కుటుంబీకుడు’ అని పొగిడి చేతులు కడుక్కుంటోంది. నా కోపం దాని మీద.

ఈ పొగడ్త ఇంకో పని కూడా చేస్తుంది. ప్రశ్నను ఆపేస్తుంది. చీతా హెలికాప్టర్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుంటే ఇది అర్థమవుతుంది. ఫ్రెంచి వాళ్ళ ‘లామా’ అనే హెలికాప్టర్‌ను ఇక్కడ తయారుచేసుకోవడానికి 1970లో మన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఒప్పందం చేసుకుంది. అదే మన చీతా. ఒకే ఇంజిన్. చాలా మంచి యంత్రమే. 1972 జూన్‌లో లామా 12,442 మీటర్ల ఎత్తుకు ఎగిరి ప్రపంచ రికార్డు సృష్టించింది. సియాచిన్ మంచుకొండల్లో మన సైనికులకు మందులూ తిండీ చేరవేసిందీ, గాయపడినవాళ్ళను దించిందీ చీతాలే. అయితే అది యాభై ఏళ్ళ కిందటి నమూనా. 2014 అక్టోబర్ 1న బరేలీలో ఒక చీతా కూలి ముగ్గురు అధికారులు చనిపోయారు. 2022 అక్టోబర్ 5న తవాంగ్ దగ్గర ఇంకొకటి కూలి ఒక పైలట్ చనిపోయాడు. తర్వాత అయిదు నెలలకు, అదే రాష్ట్రంలో, మండలా. ప్రతి ప్రమాదానికీ యంత్రమే కారణమని నేననను. ఆ కొండల్లో మబ్బూ మంచూ గాలీ కూడా మనుషుల్ని చంపుతాయి. కానీ యంత్రం గురించి అడగడం ఎవరి పని?

అడిగింది భార్యలే. సైనికాధికారుల భార్యలు కొందరు ఒక సంఘంగా ఏర్పడి, 2015లో అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్‌ను కలిసి, ఈ పాతబడిన చీతా, చేతక్ హెలికాప్టర్లను పక్కన పెట్టమని అడిగారు. ఆలోచించండి. టీ పార్టీల్లో నవ్వుతూ నిలబడటం, సంక్షేమ సంఘాల్లో కుట్టుపోటీలు పెట్టడం మాత్రమే తెలుసని మనం అనుకునే ఆడవాళ్ళు ఇంజిన్ల గురించి, విడిభాగాల గురించి, ప్రమాదాల గురించి మాట్లాడారు. కుటుంబ ప్రేమ అంటే ఇది. “నా మొగుడు వీరుడు, చచ్చిపోతే గర్విస్తాను” అనడం కాదు, “వాణ్ణి ఎక్కిస్తున్న బండి సరిగ్గా ఉందా?” అని అడగడం. ఆ ప్రశ్న వేసి ఎనిమిదేళ్ళు గడిచాక కూడా చీతాలు ఎగురుతూనే ఉన్నాయి, 2023 మార్చి 16 వచ్చింది.

మా హిందూపురం నుంచి మధుగిరి, కొరటగెరె మీదుగా పోతే తుమకూరు పెద్ద దూరమేమీ కాదు. మా పిల్లలు అక్కడికి చదువులకు పోతారు, మా చింతపండు వ్యాపారులు పోతారు. ఆ జిల్లాలో గుబ్బి దగ్గర 615 ఎకరాల్లో హెలికాప్టర్ల కర్మాగారం ఉంది. 2016 జనవరి 3న ప్రధాని శంకుస్థాపన చేశారు. చీతా, చేతక్‌ల స్థానంలో రావలసిన తేలికపాటి హెలికాప్టర్ అక్కడ తయారు కావాలి. 2023 ఫిబ్రవరి 6న ప్రారంభోత్సవం జరిగింది. మండలా ప్రమాదానికి సరిగ్గా 38 రోజుల ముందు. శంకుస్థాపనకూ ప్రారంభోత్సవానికీ మధ్య ఏడేళ్ళు. ఈ ఏడేళ్ళ ఆలస్యాన్ని ఎవరు మోశారు? ప్రతి ఉదయం మొగుడు డ్యూటీకి పోయాక ఫోను మోగితే గుండె ఝల్లుమన్న ఆడవాళ్ళు మోశారు. ‘ఉత్తమ కుటుంబీకుడు’ అని రాసే సంస్మరణల్లో ఈ లెక్కకు చోటుండదు.

మరి అతను పోయాక ఆ కుటుంబం ఏమవుతుంది? అప్పటిదాకా పొగిడిన నోళ్ళే ఆమె మీద కాపలా కాస్తాయి. శౌర్య పతకం పొందిన సైనికుడి భార్యకు వచ్చే భత్యం, ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆగిపోయేది. ఒక్క మినహాయింపు ఉండేది. చనిపోయిన భర్త తమ్ముణ్ణో అన్ననో చేసుకుంటే ఆగదు! ఈ షరతును తీసేసింది 2017 నవంబర్‌లో. ఇరవయ్యొకటో శతాబ్దం పదిహేడేళ్ళు గడిచేదాకా, వీరుడి భార్య ఆ ఇంటి మగవాళ్ళలో ఎవరో ఒకరికి చెందాలని సర్కారు కాగితం మీద ఉంది. పేరుకు అది భత్యం నిబంధన. నిజానికి అది ఆమె మంగళసూత్రానికి వేసిన తాళం.

నిబంధన పోయినా చూపు పోలేదు. 2024 జూలైలో భర్తకు దక్కిన కీర్తిచక్రను రాష్ట్రపతి చేతుల మీదుగా అందుకున్న ఒక యువతి ఫోటో కింద రాసిన బూతుకు జాతీయ మహిళా కమిషన్ కలగజేసుకోవాల్సి వచ్చింది, పోలీసులు కేసు పెట్టారు. డబ్బులో తల్లిదండ్రుల వాటా మీద అత్తమామలు టీవీలకెక్కారు. కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రుల దుఃఖం దొంగదని నేననను, వాళ్ళకు హక్కు ఉండాల్సిందే. కానీ ఆ చర్చ అంతా కోడలి గుణం మీదికి ఎందుకు మళ్ళింది? 2025 ఏప్రిల్‌లో పహల్గామ్‌లో పెళ్ళైన వారానికే భర్తను, నౌకాదళ అధికారిని, పోగొట్టుకున్న అమ్మాయి “న్యాయం కావాలి, కానీ ముస్లింల మీద, కశ్మీరీల మీద పడొద్దు” అంది. అంతకుముందు ఆమె ఫోటోను నెత్తిన పెట్టుకున్నవాళ్ళే ఆమెను తిట్టిపోశారు. మౌనంగా ఏడ్చినంతసేపు ఆమె దేశం బిడ్డ. నోరు తెరిచిన క్షణం నుంచి ఎవరికీ ఏమీ కాదు.

మా పక్కనే గోరంట్ల మండలం కల్లి తండా ఉంది. 2025 మే 9న సరిహద్దులో చనిపోయిన అగ్నివీర్ మురళీనాయక్‌ది ఆ తండా. లంబాడీ బిడ్డ, పెళ్ళి కాలేదు. తల్లిదండ్రులు ముంబైలో కూలి చేసి పెంచారు. మంత్రులొచ్చారు, లక్షలూ భూమీ ప్రకటించారు, తండాకు రోడ్డంతా జెండాలు కట్టారు. అగ్నిపథ్ కింద చేరినవాడు కాబట్టి మామూలు జవాను కుటుంబానికి వచ్చే పెన్షన్ ఆ కుటుంబానికి రాదు. అదే తూటా, అదే సరిహద్దు. ఆ తల్లి 2025లోనే బొంబాయి హైకోర్టుకెక్కింది. “నా కొడుకు త్యాగం ఎందుకు తక్కువ?” అన్నదే ఆ కేసు సారాంశం. పైలట్లకు భార్య పిల్లల పేరుతో వచ్చే ఆ ‘కుటుంబీకుడు’ బిరుదు తండా కుర్రవాడికి రాలేదు. కానీ కుటుంబం అంటే ఏమిటో అందరికంటే గట్టిగా అడిగింది ఆ తల్లే.

“యుద్ధాన్ని వ్యతిరేకించే స్త్రీవాదులు సైనికుల ఇళ్ళ గురించి ఎందుకు మాట్లాడాలి?” అని మిత్రులు కొందరు అంటారు. వాళ్ళతోనే నాకు ఎక్కువ పేచీ. యుద్ధం వద్దనే మనం, యుద్ధం ఎవరి వంటింట్లో నిలబడి ఉందో చూడకపోతే ఎట్లా? పల్లెపల్లెకూ ఒక సైనికుడి ఇల్లుంది. ఆ ఇంటి ఆడమనిషిని జెండా మోసేవాళ్ళకు వదిలేశాం. కథల్లో ఆమెను ఉత్తరాల కోసం ఎదురుచూసే బొమ్మగానో, తెల్లచీర కట్టిన త్యాగమూర్తిగానో తప్ప చూడలేదు. బ్యాంకులో ఆమె పెట్టిన సంతకం, బడిలో ఆమె ఒక్కతే కూర్చున్న తల్లిదండ్రుల సమావేశం, మంత్రి దగ్గరికి ఆమె మోసుకుపోయిన అర్జీ మన సాహిత్యంలోకి రావాలి. రాయగలిగిన ఆయమ్మ కోడళ్ళ చేత రాయించాలి, రాయలేనివాళ్ళు చెబితే మనం రాసుకోవాలి.

మగ పైలట్‌ను కుటుంబీకుడని పొగడదల్చుకుంటే పొగడండి. షరతు ఒక్కటే. ఆ కుటుంబాన్ని నడిపిన మనిషి ఏం పని చేసిందో కూడా అదే పేజీలో రాయండి. ఆ కుటుంబం ఏం అడిగిందో రాయండి. ఆడ పైలట్‌ను మాత్రం ఇంటి గురించి అడక్కండి, లేదా ఇద్దర్నీ అడగండి.

గోడపత్రిక సంగతి చెప్పి ముగిస్తాను. మర్నాడు పొద్దున చూస్తే ధర్మవరం పిల్ల ‘ఉత్తమ కుటుంబీకుడు’ మీద తెల్లకాగితం అంటించింది. దాని మీద ఇట్లా రాసింది: “ఇద్దరు ఆడపిల్లల నాన్న. వాళ్ళ అమ్మ కూడా సైన్యంలో డాక్టర్. చీతా హెలికాప్టర్ పాతదని సైనికుల భార్యలు 2015లోనే చెప్పారు. ఎవరు వినలేదు?”

చివరి ప్రశ్నలో వ్యాకరణం తప్పేమో అని ఒక సహోద్యోగి అన్నాడు. ‘ఎవరూ వినలేదు’ అని ఉండాలట. ఆ పిల్ల దిద్దనంది. నేనూ దిద్దమనలేదు.